ఉప్పుకేక

ఆ ఉదయం ఆడవాళ్ల గంపల్లో ఉప్పు లేదు. రాళ్లున్నాయి.

సున్నం కొట్టి, నెత్తిన ఎర్రరంగు పూసిన సరిహద్దు రాళ్లు. కంపెనీ సర్వేవాళ్ల జీపు ఉప్పుమడుల గట్ల మీదికి రాలేదు కదా, అందుకని వాటిని మోసే పని ఉప్పు మోసే కూలీలకే అప్పజెప్పాడు కంట్రాక్టరు జగన్నాధం. ఎవరు పనిచేసే మడిలో వాళ్లే రాయి దించాలి, వాళ్లే గుంట తవ్వాలి, వాళ్లే పాతాలి. తమ గొయ్యి తామే తవ్వుకోవడం అని మాటవరసకు అంటుంటాం. పాతకొఠారు పేట ఆడవాళ్ల చేత ఆ మహానుభావుడు నిజంగానే తవ్వించాడు.

విక్టర్ గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. చేతిలో కొత్త ఫుట్‌బాల్ బూట్లున్నాయి. ఇందాకే జగన్నాధం తన అరుగు మీద కూచోబెట్టి మరీ ఇచ్చాడు. విక్టర్ తండ్రి సత్యం ఆ ఇంట్లో బతికినంత కాలం పని చేశాడు గానీ, ఆ అరుగు మీద ఒక్కనాడూ కూచోలేదు.

వరసలో అతని తల్లి దేవమణి కూడా ఉంది. ఆమె ముందు నడుస్తున్న గున్నమ్మ, ఉప్పు కూలీల సంఘానికి పెద్ద, ఉన్నట్టుండి ఆగి గంప దించేసింది.

"నాను పాతను. ఇన్నాళ్లు నా సేత్తో ఉప్పు తీసిన మడి ఇది."

"ఏటే ముసలీ, తెగ నీలుగుతన్నావు!" అంటూ సూపర్‌వైజరు గంపను కాలితో తన్నాడు. పట్టుకోబోయిన గున్నమ్మ ఉప్పునీళ్లలో బోర్లాపడింది. పక్కన ఇంతమంది ఆడవాళ్లు, గట్టు మీద ఇంతమంది మగవాళ్లు. ఒక్కరూ కదల్లేదు. విక్టరూ కదల్లేదు. అతను చేసిందల్లా చేతిలోని బూట్లను వీపు వెనక్కి దాచుకోవడమే.

గున్నమ్మ లేచి, కళ్లలో మండుతున్న ఉప్పునీళ్లు తుడుచుకుని అతనికేసి చూసింది.

"బూట్లు బాగున్నాయిరా ఇక్టరూ," అంది. అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండేదనిపించింది విక్టర్‌కి.

నౌపడ స్టేషను నుంచి రైలు గేటు దాటితే, మడుల నానుకుని ఉంటుంది పాతకొఠారు పేట. అక్కడి కుర్రాళ్ల జట్టు పేరు ఉప్పు కుర్రాళ్లు. పాడుబడిన ఎండుమడే వాళ్ల మైదానం, ఒట్టికాళ్లే వాళ్ల బూట్లు. ఆ నేల మీద బంతి ఎటు ఎగురుతుందో బంతికే తెలియదు. అలాంటి చోట ఆడి ఆడి విక్టర్ కాలికి ఒక మాయ అబ్బింది. అతను స్ట్రైకరు. గోలు దగ్గర అతని కుడికాలికి బంతి దొరికిందంటే పేటంతా ముందే లేచి అరిచేస్తుంది.

రెండో జట్టు ఈగల్స్. కంపెనీ చొక్కాలు, కంపెనీ కోచ్, పెత్తనం జగన్నాధానిది. మడుల స్థానంలో రసాయనాల ఫ్యాక్టరీ పెడతామంటున్న కంపెనీకి హఠాత్తుగా ఆటల మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో అప్పుడెవరూ అడగలేదు.

"ఇశాపట్నంలో హాస్టలు, కోచింగు," అన్నాడు జగన్నాధం ఆ ఉదయం అరుగు మీద బూట్లిస్తూ. "ఆనక పెద్ద క్లబ్బుల సెలక్షన్లు. అదీ కాకపోతే కంపెనీలో ఉజ్జోగం. ఈ ఆదివారం మీ ఉప్పోళ్ల మీద మా తరఫున ఆడు, ఆట అవగానే సంతకం." అని విక్టర్ కుడి మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరాడు. "ఈ కాలు బంగారంరా. ఇది ఉన్నన్నాళ్లే నువ్వు ఇక్టరువి. పోయిందనుకో, మళ్లీ ఉప్పుగంపే."

ఆ మాట అప్పుడు విక్టర్‌కి ప్రేమగానే వినిపించింది.

ఇంటికొచ్చాక తల్లి ఒక్కమాటే అంది. పాదాలు రెండూ ముందుకు చాపి, పగుళ్లలోకి ఉప్పు దిగి మానని పుళ్లు చూపించి, "ఇయి సూడు. నీ కాళ్లు ఇలగ అవ్వకూడదు. ఎల్లిపో నాయినా," అంది. వెళ్లనని ఎలా అంటాడు?

ఆ సాయంత్రం మిషను చర్చి వరండాలో సంఘం కూడింది. గేటుకు అవతలి చేపలపేట నుంచి రాముడు కూడా వచ్చాడు, గున్నమ్మ పిలిస్తే.

"ఫ్యాక్టరీ పెట్టే ముందు గవర్నమెంటోళ్లు ప్రజల అభిప్రాయం అడుగుతారట," అంది గున్నమ్మ. "డేటు ఇంకా సెప్పలేదు. ఆ దినం మనం పేటకు పేట ఎల్లి ఒద్దని సెప్పాల. రాముడు మావా, ఇసపునీళ్లు ముందు మీ సముద్రంలోకే వస్తాయి. మీరూ రావాల."

రాముడు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మీ ఉప్పు మీది, మా వల మాది. మాకు నస్టం వచ్చిన్నాడు మీరొచ్చారేటి? అయినా గవర్నమెంటోడు ఒకటి అనుకున్నాక మనమేటి సేస్తాం."

"అదే కంపెనీవోడికి కావాల!" అంటూ లేచాడు లక్ష్ముడు. ఉప్పు కుర్రాళ్ల కెప్టెను, గోల్‌కీపరు అతనే. రాముణ్ణి వదిలేసి విక్టర్ మీదికి తిరిగాడు. "సరే, నువ్వు సెప్పరా బావా. ఆదివారం ఏ పక్క?"

"ఈగల్స్ పక్క."

లక్ష్ముడి మొహం నల్లబడిపోయింది.

"ఆడనీరా," అంది గున్నమ్మే. "పొట్ట కోసం ఎవులైనా ఎల్తారు. ఏ పక్క ఆడితే ఏటి, మన గుంటడు. అందరం ఎల్లి సూద్దాం."

ఇంకా ఏదో అనబోతుండగా మడుల వైపు నుంచి కేక వినబడింది. "ఉప్పో... ఉప్పు!"

అంతే. వాదన వాదన దగ్గరే ఆగిపోయింది. వరండా క్షణంలో ఖాళీ. అకాలపు మబ్బు ఆకాశంలో కనబడితే ముందు చూసినవాళ్లు వేసే కేక అది. అది చెవిన పడ్డాక పాతకొఠారులో ఎవరూ కూచోకూడదు. అన్నం ముందున్నా, శవం ముందున్నా లేచి పరిగెత్తాల్సిందే, తాటాకులు కప్పి ఉప్పుకుప్పల్ని కాపాడాల్సిందే. లక్ష్ముడి పెళ్లిలో మంగళసూత్రం చేతపట్టుకుని లక్ష్ముడూ, పట్టుచీర ఎగ్గట్టి పెళ్లికూతురూ మడులకు పరిగెత్తారు. ఎవరి కుప్ప అని చూడరు. ఏ కుప్ప దగ్గరుంటే దాన్ని కప్పుతారు.

విక్టర్ కూడా బూట్లు వదిలేసి ఒట్టికాళ్లతో పరిగెత్తాడు. వరండాలో రాముడొక్కడే మిగిలిపోయాడు.

ఆ కేకకు ఒక కట్టుబాటుంది. మబ్బు లేకుండా వేయకూడదు. వెనకటికి ఒకడు తాగి సరదాకు వేశాడు. ఊరు వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. తర్వాత వానకు వాడి కుప్పను మాత్రం ఎవరూ కప్పలేదు. వాడి ఇంట్లో పిల్లకు జ్వరమొచ్చి పిలిచినా ఎవరూ పలకలేదు. చివరికి పెట్టే బేడా సర్దుకుని చెన్నై పోయాడు.

ఆదివారం స్టేషను పక్క మైదానానికి జనాన్ని చేరవేయడానికి జగన్నాధం ట్రాక్టర్లు పంపాడు. ముసలివాళ్లను చేతులు పట్టి ఎక్కించారు. భోజనాలు పెట్టారు. దేవమణి కొడుకును చూసుకోవడానికి ఉన్న ఒక్క మంచి చీరా కట్టుకుంది. అంతా బాగానే ఉంది. ముఖ్య అతిథి కుర్చీలో జగన్నాధం లేకపోవడం ఒక్కటే విక్టర్‌కి అర్థం కాలేదు. ఇంత ఖర్చు పెట్టినవాడు ఆట చూడకుండా ఎక్కడున్నట్టు?

సగం ఆట అయ్యాక మంచినీళ్ల కోసం షామియానా వెనక్కి వెళ్లాడు. అటువైపు తిరిగి కంపెనీ మేనేజరు ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"ఊరంతా ఇక్కడే ఉంది జగన్నాధంగారూ. మీ స్ట్రైకరు కుర్రాడు భలే పనికొచ్చాడు. వాడి కోసం కుంటివాళ్లు కూడా వచ్చేశారు. ఆట అయ్యేలోగా అక్కడ పేట బడిలో ప్రజాభిప్రాయం ముగించెయ్యండి."

చేతిలో నీళ్లు చేతిలోనే ఉండిపోయాయి. ప్రజాభిప్రాయం ఈ రోజే. పేట బడి ఆవరణలో, మడుల పక్కనే. పేటకు చాటింపు వేయకుండా, పేటను ట్రాక్టర్లెక్కించి ఇక్కడికి తోలేసి. ఎరగా వాడింది విక్టర్‌నే.

మైకు దగ్గరికి పరిగెత్తాడు. మైకువాడు తోసేశాడు. లక్ష్ముడి వైపు కదలబోతే కోచ్ చెయ్యి పట్టి లాగి మైదానంలోకి నెట్టాడు. విజిల్ మోగింది.

ఆడుతూనే ఉన్నాడు గానీ ఆట కనబడటం లేదు. నోరు మూసుకుంటే ఇంకాసేపట్లో సంతకం. హాస్టలు, సెలక్షన్లు, అమ్మకు చెప్పులు తొడిగే రోజులు. నోరు తెరిస్తే? మోకాలి మీద జగన్నాధం చెయ్యి ఇంకా ఉన్నట్టే అనిపించింది. విక్టర్‌కి భయం వేసింది, ఒళ్లంతా భయం వేసింది.

అప్పుడే బంతి వచ్చి కుడికాలికి తగులుకుంది. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు. ఎదురుగా లక్ష్ముడొక్కడే, చేతులు చాపి. మన జట్టు మీదే గోలు అని కూడా మరిచిపోయి జనం లేచి నిలబడ్డారు.

విక్టర్ బంతిని పాదం కింద అదిమి ఆపేశాడు. తల పైకెత్తి, గొంతు చిరిగిపోయేలా కేక వేశాడు.

"ఉప్పో... ఉప్పు!"

లక్ష్ముడు ఆకాశం చూశాడు. అద్దంలా ఉంది. "మబ్బేదిరా?"

"ఉప్పు పోతంది బావా! మన మడులు పోతన్నాయి! ఉప్పో... ఉప్పు!"

అతని కళ్లలో ఏం చూశాడో లక్ష్ముడు, గోలు వదిలేసి తనూ కేక అందుకున్నాడు. తర్వాత ఆడవాళ్లు అందుకున్నారు. ఎందుకని అడిగినవాళ్లు లేరు, ఆ కేకకు ఎందుకని అడగటం వాళ్లకు తెలియదు. మైకులో బహుమతులని అరుస్తున్నా, ట్రాక్టర్లు అడ్డం పెట్టినా, ఊరు ఊరంతా గేటు దాటి మడులకు పరిగెత్తింది. గట్టు ఎక్కుతూ విక్టర్ బూట్లు విప్పి పారేశాడు.

బడి ఆవరణలో షామియానా కింద బస్సుల్లో తెచ్చిన పరాయి ఊళ్ల జనం కూచుని ఉన్నారు. వేదిక మీద అధికారి చివరి వాక్యం చదువుతున్నాడు: "ఎవరికీ అభ్యంతరాలు లేనందున..."

రొప్పుతూ వచ్చిన గున్నమ్మ ముందు ఆకాశం చూసింది, తర్వాత చుట్టూ చూసింది.

"కేకేసినోడు ఎవుడు?"

"నానే అత్తా."

"మబ్బేదిరా మరి?"

విక్టర్ షామియానా కేసి చెయ్యి చూపించాడు. లక్ష్ముడు అక్కడి బ్యానరు పైకి చదివాడు. ఉప్పు భూముల అప్పగింతపై ప్రజాభిప్రాయ సేకరణ.

గున్నమ్మ వెనక్కి తిరిగి, "గంపలు తెండే," అంది.

కుప్పల దగ్గర గంపలు ఎప్పుడూ ఉంటాయి. ఆడవాళ్లు మడుల్లోకి దిగారు. పాతిన చేతులే పెకలించాయి. ఒక్కో రాయీ గంపలోకి, గంప నెత్తి మీదికి, నెత్తి మీంచి వేదిక మీదికి. మొదటి రాయి గున్నమ్మది. రెండోది దేవమణిది. అధికారి బల్ల ముందు దభీమని పడుతుంటే ఆయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"ఇది మా అభిప్రాయం బాబూ," అంది గున్నమ్మ. "బరువుగా ఉంటాది. రాసుకో."

బస్సుల్లో వచ్చినవాళ్లు కుర్చీలు వదిలి పక్కకు జరిగారు. వాళ్లలో ఒక ముసలామె ఊరుకోలేక ఒక గంపకు చెయ్యి కూడా వేసింది. అధికారి కాగితాలు చంకన పెట్టుకుని జీపెక్కాడు. అప్పుడు కదిలారు పోలీసులు.

జగన్నాధం ఇన్‌స్పెక్టరు చెవిలో ఏదో చెప్పాడు. చెబుతూ విక్టర్ కుడికాలి కేసి చూశాడు. లాఠీలు అందరి మీదా పడ్డాయి, గానీ విక్టర్ దగ్గర మాత్రం వెతుక్కుని ఒక్కచోటే పడ్డాయి. దేవమణి వచ్చి ఆ కాలిని కౌగిలించుకుని పడుకుంది. ఆమె వీపు మీద కూడా కొట్టారు. ఉప్పుతో తెల్లబడిన కొడుకు ఒట్టిపాదం ఆమె మొహానికి తగులుతోంది. ఆ పాదాన్ని ఉప్పుకు దూరం చేయాలని ఎంత ఆశపడిందో ఆ తల్లి! "నా కొడుకు కేకేసాడు," అంటోంది ఆమె దెబ్బ దెబ్బకీ, "నా కొడుకే కేకేసాడు," అని.

వ్యానులో విక్టర్‌ని, గున్నమ్మని, లక్ష్ముణ్ణి పడేశారు. మోకాలు కుండలా వాచింది.

"ఇంక ఆడనేనేమో అత్తా," అన్నాడు విక్టర్. ఆపైన అసలు భయం బయటపెట్టాడు. "మబ్బు నేకుండా కేకేసాను. అబద్దం కేక అంటారేటి?"

గున్నమ్మ అతని తల ఒళ్లోకి తీసుకుంది. "ఓరి ఎర్రోడా, ఇంతకంటే పెద్ద వాన మన మడుల మీద ఎన్నడు కురిసిందిరా?"

రైలు గేటు పడి ఉంది. వ్యాను ఆగింది. గూడ్సు బండి మెల్లగా, ఎంతకీ తెగకుండా పోతోంది. వెనక పేట నుంచి కేకలు వినబడుతూనే ఉన్నాయి. ముందు సీట్లో ఇన్‌స్పెక్టరు సిగరెట్టు వెలిగించి నవ్వాడు.

"అరవనీ. మీ పేట దాటితే ఆ కేక ఎవడికి అర్థమవుద్ది?"

గూడ్సు చప్పుడు చివరికొచ్చింది. ఆ చప్పుడు తగ్గేకొద్దీ పట్టాలకు అవతలి నుంచి ఇంకేదో వినబడసాగింది. లక్ష్ముడు జాలీకి చెవి ఆనించాడు. చేపలపేట వైపు నుంచి, ఉప్పు ఎన్నడూ మోయని మనుషుల గొంతులు. పలకడం సరిగా రాక ఒకలా వంకరగా, కానీ అదే కేక.

ఆఖరి పెట్టె పోయింది. గేటు లేచింది.

అవతల రోడ్డు కనబడలేదు. భుజాన తువ్వాలుతో రాముడు, అతని వెనక మనుషులే ఉన్నారు.