నీకోసం విడిగా ఒక లైన్

"రెండూ ఒకేలా ఉన్నాయి కదా, ఏదో ఒకటి నువ్వే చూసి ఆర్డర్ పెట్టెయ్. నన్ను చంపకు," అనేసి భర్త తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆమె బీన్స్ తరుగుతోంది. పంచదార డబ్బాకి ఆనించిన ఫోన్‌లో రెండు వైఫై రౌటర్లు పక్కపక్కన నిలబడి ఆమె వంకే చూస్తున్నాయి. రెండూ నల్లటివే. రెండిటికీ నాలుగేసి కొమ్ములు, వెల్లకిలా పడ్డ స్టూళ్లలాగా. పేర్లు కూడా ఒకటే, చివర ఒక్క అక్షరం తేడా. కొన్నవాళ్లు ఏం రాశారో చూద్దామంటే ఒకాయన రెండిటి కిందా అవే మాటలు రాసి అయిదేసి స్టార్లు పెట్టాడు. ఇంకొకాయన అట్టపెట్టె మూల నొక్కుకుపోయిందని ఒక్క స్టార్‌తో సరిపెట్టాడు. ఇంకెవరో "బాగుంది, ఇంకా తెరవలేదు" అని రాశారు. తెరవకుండానే బాగుందంటే ఆ మహానుభావుడికి ఓ దండం అనుకుని బీన్స్ కాడ తుంచింది.

ఏదో ఒకటట! ఆ మాట వింటేనే ఆమెకి ఒళ్లు మండుతుంది. ఈ ఇంట్లో వస్తువులు ఎంచే అధికారం ఆమెదేనని బంధువులందరి దగ్గరా భర్త గొప్పగా చెబుతాడు. "మా ఇంట్లో అన్నీ ఆవిడ ఇష్టమేనండీ, నేను నోరెత్తను." నోరెత్తడు, నిజమే. వస్తువు పాడయ్యేదాకా ఎత్తడు. వాషింగ్ మెషీన్ మొదటి నెలలో నీళ్లు కారితే "నువ్వు ఎంచిందేగా" అన్నాడు. బాగుచేయించాక అది బ్రహ్మాండంగా నడుస్తుంటే అత్తగారు పక్కింటావిడతో "మావాడు ఏరికోరి తెచ్చాడు" అంది. అంటే వెతకడం తనది, పోల్చడం తనది, కొట్టువాడితో పోట్లాడడం తనది. మంచిదైతే ఆయనది, చెడ్డదైతే తనది. నింద తన నెత్తిన పడుతుందని ముందే తెలుసు కాబట్టే ఆమె ఏ వస్తువునీ "ఏదో ఒకటి" అని కొనలేదు. పరీక్షకి చదివినట్టు చదివి కొంటుంది.

ఈసారి మాత్రం నిజంగానే పరీక్ష. ఆమె ఒక కంపెనీ తరఫున ఇంటినుంచి ఆన్‌లైన్‌లో పిల్లలకి లెక్కలు చెబుతుంది. అత్తగారు "మన టీచరమ్మ" అని పిలవడం మొదలుపెడితే అదే పేరు ఇంట్లో స్థిరపడిపోయింది. ఆ పిలుపులో ముద్దు పాలెంతో వెక్కిరింత పాలెంతో ఆమె తేల్చుకోలేకపోయింది. సాయంత్రం వంట సగంలో ఆపి, వంటింటి బల్ల మీద ఒక మూల తుడుచుకుని, వెనక గిన్నెలు కనబడకుండా కర్టెన్ లాగి క్లాసు మొదలుపెడుతుంది. చెప్పడంలో ఆమెకి పేరుంది. పెద్ద తరగతుల బ్యాచ్ తీసుకోమని కంపెనీవాళ్లే అడిగారు. కానీ పాఠం మధ్యలో ఆమె బొమ్మ బిగుసుకుపోతుంది. "మేడమ్, మీరు ఆగిపోయారు" అంటారు పిల్లలు. ఆమె అక్కడే, నోరు తెరిచి, వేలు పైకెత్తి, సున్నా పక్కన ఆగిపోయి ఉంటుంది. నిన్న కోఆర్డినేటర్ ఫోన్ చేసి, చాలా మర్యాదగా, "మేడమ్, శుక్రవారం ట్రయల్ క్లాసు. ఈసారి కూడా తెగితే పెద్ద బ్యాచ్ ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది. ఏమీ అనుకోకండి," అంది. ఇవాళ బుధవారం. ఇప్పుడు ఆర్డర్ పెడితేనే రేపటికి వస్తుంది.

లైన్ సంగతి ఆమె చెప్పని రోజు లేదు. గోడకి చెప్పుకున్నట్టే అయింది. "లైన్‌లో ఏ లోపమూ లేదు, నీ లాప్‌టాప్ పాతది" అన్నాడు భర్త మొదట. కొత్త లాప్‌టాప్ కొంది. "హెడ్‌సెట్ చవకది అయ్యుంటుంది." అదీ మార్చింది. "ఒకేసారి ఇరవై విండోలు తెరుస్తావు, అది మాత్రం ఏం చేస్తుంది?" అన్నాడు తర్వాత. అన్నీ మూసి చూసింది. "నీకు వాడడం రాదు, అంతే" అని తేల్చేశాడు చివరికి. పెద్ద కంపెనీకి ఇంట్లోంచే కంప్యూటర్ల పని చేసేవాడు, తెలిసి చెబుతున్నాడనుకుంది. అసలు ఆమెకంటూ విడిగా ఒక లైన్ పెట్టించి ఇచ్చింది కూడా అతనే. రెండేళ్ల కిందట, క్లాసులు మొదలుపెట్టిన కొత్తల్లో. "ఇదిగో, ఇంట్లోవాళ్లతో నీకు గొడవ లేకుండా నీకోసం విడిగా ఒక లైన్. హాయిగా వాడుకో," అని, దానికి ముద్దుగా 'టీచరమ్మ' అని పేరు కూడా పెట్టాడు. ఆమె పొంగిపోయింది. ఆ రోజే అక్కకి ఫోన్ చేసి, "మీ మరిది నాకోసం ప్రత్యేకంగా లైన్ పెట్టించారే, నేనడగకుండానే!" అని చెప్పుకుంది. అడగకుండా జరిగిన పని ఈ ఇంట్లో అదొక్కటే మరి.

చెయ్యి కడుక్కుని ఫోన్ దగ్గరికి లాక్కుంది. అడుగున 'పోల్చి చూడండి' అని ఒక చోటుంటే అక్కడ నొక్కింది. వరసగా అన్నీ ఒకటే. వేగం ఒకటే, బరువు ఒకటే, గ్యారంటీ ఒకటే. చూసి చూసి కళ్లు మూతలు పడే వేళకి ఒక్క వరసలో మాత్రం తేడా కనిపించింది. 'గెస్ట్ లైన్ స్పీడ్ కంట్రోల్': మొదటిదాంట్లో ఉంది, రెండోదాంట్లో లేదు. హమ్మయ్య, తేడా దొరికింది! అదేమిటో తెలియక దాని మీద నొక్కింది. వివరం తెరుచుకుంది. ఇంటికి వచ్చిపోయేవాళ్లకి విడిగా ఒక పేరుతో, విడిగా ఒక పాస్‌వర్డ్‌తో లైన్ ఇవ్వవచ్చునట. వాళ్లు ఎంత వాడినా ఇంటివాళ్ల పనికి అడ్డు రాకుండా వాళ్ల వేగాన్ని తగ్గించి ఉంచవచ్చునట.

మంచి ఏర్పాటే, ఆడపడుచు వచ్చి పదేసి రోజులుండి సినిమాలు చూసినప్పుడు పనికొస్తుంది అనుకుంది మొదట. కత్తి మళ్లీ చేతిలోకి తీసుకుంది. విడిగా ఒక పేరు. విడిగా ఒక పాస్‌వర్డ్. బీన్స్ కాయ చేతిలోనే ఉండిపోయింది. ఛ, అలా ఎందుకవుతుంది? తనకేమన్నా మతి పోయిందా? పదహారేళ్ల కాపురం చేసిన మనిషి మీద ఇలాంటి అనుమానమా? తనని తానే తిట్టుకుంది. తిట్టుకుంటూనే హాల్లోకి వెళ్లి, బడినుంచి వచ్చి సోఫాలో పడుకుని ఉన్న కూతుర్ని లేపింది.

"రౌటర్ సంగతి చూసే యాప్ నీ ఫోన్‌లో ఉందా?"

"ఉంది. నాన్నే పెట్టించారు, ఊరికే తనని పిలవకుండా. ఏమ్మా?"

"ఒకసారి తెరువు."

పిల్ల తెరిచింది. ఇంటి లైన్ కింద వరసగా పేర్లున్నాయి. నాన్న లాప్‌టాప్, నాన్న ఫోన్, కూతురి ఫోన్, నానమ్మ ట్యాబ్, టీవీ. ఎప్పుడో వచ్చి వెళ్లిన పెద్దత్త ఫోన్ కూడా ఉంది. దాని కింద, ఫోన్‌తో కూడా నడిచే ఆ వాషింగ్ మెషీన్. అదంతా అయిపోయాక, కింద గీత గీసి, విడిగా ఇంకో గడి. గెస్ట్. అందులో ఒక్కటే పేరు, 'టీచరమ్మ'. పక్కన వేగం పెంచి తగ్గించే ఒక చిన్న గీటు ఎడమవైపు చివరికంటా జరిపి ఉంది.

"అదేంటమ్మా, నువ్వు గెస్ట్‌లో ఉన్నావు? స్పీడు కూడా మొత్తం తగ్గించేసి ఉంది," అని పిల్ల నవ్వింది. తల్లి మొహం చూసి నవ్వు ఆపేసింది. "ఇంటి లైన్ పాస్‌వర్డ్ నీకు తెలీదా? అందరికీ తెలుసు కదా. పెద్దత్తకి కూడా వచ్చిన రోజే నాన్న ఇచ్చారు."

వాషింగ్ మెషీన్‌కి కూడా తెలుసు, అనుకుంది ఆమె. తను ఎంచి తెచ్చిన మెషీన్ ఇంటి మనిషి అయింది. తను గీతకి కింద ఉంది. అరికాలి మంట నెత్తికెక్కింది. కొత్త లాప్‌టాప్, కొత్త హెడ్‌సెట్, "సారీ పిల్లలూ, తప్పు నాదే" అని ఎన్నిసార్లందో లెక్కే లేదు. చేతగానిదాన్నని రెండేళ్లు నమ్మింది. అసలు దుఃఖం అక్కడే ఉంది. తగ్గించడం ఒక ఎత్తు, తగ్గించి "నీకు వాడడం రాదు" అనడం ఒక ఎత్తు. పైగా అక్కకి ఫోన్ చేసి పొంగిపోయిందొకటి! ఆ సంగతి గుర్తొచ్చేసరికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తలుపు తోసి కడిగిపారెయ్యాలనిపించింది. కానీ అరిస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. అరిచిందన్నదే మిగులుతుంది, ఎందుకు అరిచిందన్నది పోతుంది. మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, వెళ్లి అతని గది తలుపు తట్టింది.

"ఏవండీ, కొత్త రౌటర్ అక్కర్లేదేమో అనిపిస్తోంది."

"అదే నేనూ అన్నాను. లైన్‌లో ఏ లోపమూ లేదు," అన్నాడు అతను తెర మీదనుంచి కళ్లు తిప్పకుండా.

"అవును. కాబట్టి శుక్రవారం ఒక్కరోజు మార్చుకుందామండీ. నా లైన్ మీరు వాడండి, మీ లైన్ నేను వాడతాను."

"ఆ లైన్ మీద మీటింగా? పిచ్చేమన్నా పట్టిందా నీకు? రెండు మాటలు మాట్లాడేలోపు తెగిపోతుంది!"

అన్నాక అతని వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. కుర్చీ ఇటు తిప్పాడు.

"అంటే... అప్పట్లో నా మీటింగుల టైమూ నీ క్లాసుల టైమూ ఒకటే అయ్యేది. బాస్ ముందు రెండుసార్లు తెగింది. కొన్నాళ్లకని పెట్టాను. తర్వాత మర్చిపోయాను. నిజంగా మర్చిపోయాను."

"మర్చిపోతే, తెగిపోతుందని ఎలా గుర్తుందండీ?"

హాల్లోంచి అత్తగారు, "ఏమిట్రా అక్కడ? టీచరమ్మ ఏమంటోంది?" అని కేకేసింది.

"ఇంత చిన్నదానికి అంత పెద్ద మొహం పెట్టుకుంటావేం?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "నేనేమన్నా కావాలని చేశానా? ఇల్లు గడిచేది నా పనితోనే కదా. ఇప్పుడే మార్చేస్తా, సరేనా? ఒక్క నిమిషం పని."

ఒక్క నిమిషం పనట. రెండేళ్ల తర్వాత ఆ ఒక్క నిమిషం దానం చేస్తున్నాడు. ఆమెకి ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. ఇతని చేతిలో ఆ గీటు ఉన్నంతకాలం అది ఎటైనా జరుగుతుంది, ఇంకోసారి బాస్ కసిరితే మళ్లీ ఎడమవైపుకే జరుగుతుంది. ఆ సంగతి మాత్రం స్పష్టంగా అర్థమైంది. ఫోన్ తీసింది. రెండిట్లో ఎవరి వేగమూ ఎవరూ తగ్గించలేని రౌటర్ మీద, అతని ఎదురుగానే వేలు పెట్టి నొక్కింది.

"రేపు వస్తుందట. బిగించేది నేను, పాస్‌వర్డ్ పెట్టేది నేను. ఇంట్లో అందరికీ ఒకటే లైన్."

"మరి నా మీటింగులు?" అతని గొంతులో మొదటిసారి కంగారు వినిపించింది.

"నా క్లాసులు జరిగినట్టు జరగవు లెండి, భయపడకండి," అంది ఆమె తలుపు దగ్గర ఆగి. "మీరు ఈ ఇంటి మనిషే కదా."