ఏడు వేళ్ల ఆకు

ఈ ఆకు విషయంలో లోకం పదకొండేళ్లు ఆలస్యంగా మనసు మార్చుకుంది. ఆలోగా నా భార్య నొప్పితో పోయింది. ఇందులో వాదించడానికేమీ లేదు.

నాది బట్టల మీద బొమ్మలు అచ్చువేసే కొట్టు. చట్రానికి జాలీగుడ్డ బిగించి, రంగు పోసి, రబ్బరు పలకతో లాగుతాం. వచ్చేవాళ్లతో మాటలు మా అమ్మాయి చూసుకుంటుంది. మంగళవారం ఒక పాటగాడు వచ్చాడు. వాడి కచేరీకి రెండు వందల చొక్కాలు కావాలట, వాటి మీద గంజాయి ఆకు ఉండాలట.

"గంజాయా? పోలీసులు మక్కెలిరగ్గొడతారు," అన్నాను.

"ఏ కాలంలో ఉన్నారు బాబాయ్! సినిమాల్లో అదే, పాటల్లో అదే. మా అమ్మ మోకాళ్లకి రాసుకునే నూనె సీసా మీదా ఇదే బొమ్మ. మందుల కొట్లో సబ్బుల పక్కన పెట్టి అమ్ముతున్నారు."

నేను చెయ్యనన్నాను. అమ్మాయి అప్పటికే ఒప్పేసుకుంది.

"మాటిచ్చేశాను నాన్నా. నువ్వు కాదంటే నేనే లాగుతా."

బొమ్మ తనే గీసింది. చట్రమూ తనే తయారుచేసింది. మా కొట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరు చేసినా మొదటి అచ్చు పాతగుడ్డ మీద తీసి నాకు చూపించాలి. నేను ఊ అంటేనే చొక్కా మీదికి పోతుంది. ఆ గుడ్డ తెచ్చి నా ముందు పరిచింది. చూడకూడదనుకున్నాను. ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకోదు.

"ఇదేం ఆకే? ఐదు వేళ్లేసి బొప్పాయాకు చేశావు. ఏడుండాలి. కింది రెండూ చిన్నవి, వెనక్కి తిరిగుంటాయి."

అమ్మాయి గుడ్డ వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"నువ్వెక్కడ చూశావు?"

నోరు జారింది. ఇక దాచి లాభం లేదు.

"మీ మావయ్య తెచ్చాడు, మీ అమ్మ ఎముకల నొప్పికి. పొట్లంలో ఒక ఆకు నలక్కుండా ఉంది."

"అమ్మ వాడిందా?"

"నాలుగు రాత్రులు నిద్రపోయింది."

"తర్వాత?"

"నా కంటబడింది. వీధిలో తలెత్తుకోలేమని కాలవలో పారబోశాను. వాణ్ణి మళ్లీ గడప తొక్కొద్దన్నాను."

మావయ్య ఎందుకు రావడం లేదని చిన్నప్పుడు అది చాలాసార్లు అడిగింది. తాగొచ్చి గొడవ చేశాడని చెప్పాను. వాడు చుక్క ముట్టడు.

"అమ్మ మళ్లీ కావాలని అడిగిందా?"

రంగుడబ్బా మూత బిగించాను. అది బిగిసే ఉంది.

"అడిగింది."

"ఎన్నిసార్లు?"

నేను లేచి ఆ చట్రం కడిగేశాను. ఏడు వేళ్లతో మళ్లీ చేశాను. రెండు వందల చొక్కాలూ నేనే లాగాను. ఒక్కటీ వంకర పోలేదు.

శుక్రవారం చొక్కాలు మడతపెడుతూ అది మళ్లీ అడిగింది, ఎన్నిసార్లు అని.

ఆ సంగతి నేను ఇంకెప్పుడూ మాట్లాడను. దానితోనైనా సరే.