దాచిన ఆరు మాటలు

హలో... వినపడుతోందా అందరికీ? పక్కన టీవీ ఉంటే కాస్త తగ్గించండి. పనిలో ఉంటే పని చేసుకుంటూనే వినండి, చెవి ఒక్కటి ఇటు పారేస్తే చాలు. ఇది బంతాట ఆడి బతికేవాళ్ల కథ. ఆట తెలియకపోయినా ఫర్వాలేదు, తలకాయ ఉన్నవాళ్లందరికీ అర్థమవుతుంది.

ఆ క్లబ్బులో అతన్ని అందరూ గోడ అనేవారు. వయసు ముప్పై నాలుగు. గోల్ ముందు నిలబడి, గాల్లో వచ్చిన బంతిని వచ్చినట్టే తలతో కొట్టి పంపడం అతని ఉద్యోగం. వడ్రంగికి చేతులెలాగో అతనికి నుదురలాగ. పదహారేళ్లుగా అదే పని. అతని వెనక గోల్‌కీపర్‌గా నిలబడేది సొంత బావమరిదే, భార్యకి తమ్ముడు. గోడ మీద ఉండేది పిల్లి కదా అని అతనికి పిల్లి అని పేరు పెట్టారు. బావాబావమరుదులు ఒకే జట్టులో ఉంటే ఇక డ్రెస్సింగ్ రూమ్‌లో వేళాకోళానికి కరువేముంటుంది?

ప్రతి ఏడూ సీజన్ మొదలయ్యే ముందు డాక్టరమ్మ గదిలో ఒక పరీక్ష ఉండేది. ఒక్కొక్కరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేది. తెర మీద పదిహేను మాటలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పోతాయి. గొడుగు, నిచ్చెన, ఉప్పు, మేకు, ఇలాంటివి. తర్వాత కాసేపు లెక్కలు, ఎర్ర చుక్క కనపడగానే మీట నొక్కడం. అవన్నీ అయ్యాక, ఇందాకటి మాటల్లో ఎన్ని గుర్తున్నాయో చెప్పాలి. ఆ మార్కుని డాక్టరమ్మ ఫైల్లో పెట్టుకునేది. మ్యాచ్‌లో ఎవరి తలకైనా దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష, వేరే మాటలతో. పాత మార్కు వస్తే ఆడొచ్చు. తగ్గితే వారాల తరబడి ఇంట్లో కూర్చోవాలి.

ఇంట్లో కూర్చున్నవాడి చోటు ఇంకొకడు పట్టుకుపోతాడు. మరి ఆటగాళ్లు ఊరుకుంటారా? తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. సీజన్ మొదటి పరీక్షలోనే కావాలని తక్కువ తెచ్చుకునేవారు. పదిహేనూ గుర్తున్నా ఎనిమిదో తొమ్మిదో చెప్పి ఊరుకునేవారు. దెబ్బ తగిలాక ఎంత తగ్గినా అంతకంటే కిందకి దిగదు కదా అని ధీమా.

"తక్కువ మార్కులొస్తే ఉద్యోగం నిలబడేది లోకం మొత్తంలో మనకొక్కళ్లకేరా," అనేవాడు గోడ. కొత్తగా వచ్చినవాళ్లకి ఈ విద్య నేర్పేది అతనే. "అలాగని మరీ నాలుగూ ఐదూ చెప్పి చావకండి, డాక్టరమ్మకి అనుమానమొస్తుంది. మధ్యమధ్యలో నుదురు గోక్కోండి, ఆలోచిస్తున్నట్టుంటుంది."

"నీకు గోక్కునే పని కూడా లేదులే బావా. మొహం చూస్తేనే నమ్మేస్తారు," అనేవాడు పిల్లి.

ఆ ఏడు గోడకి ఒక షరతు ఉంది. సీజన్‌లో ఇరవై ఐదు మ్యాచ్‌లు ఆడితే వచ్చే ఏడు కూడా ఉద్యోగం ఉంటుందని క్లబ్బు కాగితం మీద రాసిచ్చింది. ఇరవై నాలుగు అయ్యాయి. మిగిలింది ఆఖరి ఆదివారం మ్యాచ్ ఒక్కటే. ఈ వయసు డిఫెండర్‌ని ఇంకే క్లబ్బూ గుమ్మం తొక్కనివ్వదని అతనికి తెలుసు.

ఆ ఇరవై నాలుగో మ్యాచ్‌లోనే తగిలింది దెబ్బ. కార్నర్ నుంచి బంతి లేచింది. గోడ ఎగిరాడు, అవతలి జట్టువాడూ ఎగిరాడు. బంతి ఎవరికీ అందలేదు. రెండు నుదుళ్లు ఢీకొన్నాయి. ఆ చప్పుడు పై వరుసలో కూర్చున్నవాళ్లకి కూడా వినపడింది. గోడ వెంటనే లేచి నిలబడ్డాడట. లేచినట్టు అతనికి గుర్తు లేదు.

"బావా, నేనెవర్ని?" అని మొహంలో మొహం పెట్టి అడిగాడు పిల్లి.

"మా ఫ్రిజ్ ఖాళీ చేసేవాడివి."

"బానే ఉన్నాడు సార్!" అని పిల్లి రిఫరీకి చెయ్యి ఊపాడు.

మంగళవారం పొద్దున్న పరీక్ష. గోడ ఈల వేసుకుంటూ వెళ్లాడు. సీజన్ మొదట్లో తొమ్మిది చెప్పాడు, ఇప్పుడూ తొమ్మిదే చెప్పాలి. అంతకు మించితే దొంగతనం బయటపడుతుంది. తొమ్మిది దగ్గర ఆగాలి, అంతే. అదొక్కటే జాగ్రత్త.

మాటలు వచ్చాయి, పోయాయి. లెక్కలయ్యాయి, ఎర్ర చుక్కలయ్యాయి.

"ఊఁ, చెప్పు," అంది డాక్టరమ్మ.

"దువ్వెన. ఏనుగు. తలుపు. చక్కెర. సబ్బు. వంతెన. గంట. చెప్పు. దీపం."

ఆగాడు. ఆగి, మిగిలినవాటిని సరదాగా లోపల్లోపల చూసుకుందామనుకున్నాడు. పదోది ఏది? జేబులో చెయ్యి పెడితే అడుగు తెగి చెయ్యి కిందకి జారిపోయినట్టయింది. అక్కడేమీ లేదు. గోడ నుదురు గోక్కున్నాడు. ఈసారి నిజంగానే.

"ఇంకా?"

"అంతే మేడమ్."

"అచ్చం అప్పటిలాగే! తొమ్మిదికి తొమ్మిది. నీ తల గట్టిదయ్యా," అని డాక్టరమ్మ నవ్వుతూ కాగితం మీద సంతకం పెట్టి చేతికిచ్చింది.

తేలు కుట్టిన దొంగ అరవగలడా? గోడ కాగితం మడిచి పట్టుకుని బయటికొచ్చాడు.

పిల్లి మసాజ్ బల్ల మీద కూర్చుని వేళ్లకి టేపు చుట్టుకుంటున్నాడు. గోడ వెళ్లి పక్కనే నిలబడ్డాడు.

"రేయ్, సీజన్ మొదట్లో నువ్వెన్ని చెప్పావ్?"

"ఎనిమిది."

"నిజానికెన్ని గుర్తున్నాయి?"

"అన్నీ."

"లెక్కపెట్టుకున్నావా?"

పిల్లి చెయ్యి ఆగింది. "చెప్పేది లేనప్పుడు లెక్కెందుకు బావా? ఎనిమిది చెప్పి వచ్చేశా. అయినా నీకెన్నొచ్చాయేంటి?"

"తొమ్మిది."

"మరింకేం! ఆదివారం వెళ్లి ఊరికే నిలబడు చాలు. గోడలు పరిగెత్తడం ఎవడన్నా చూశాడా?"

గోడ నవ్వలేదు. అతని ఆలోచన ఇంకెక్కడో ఉంది. తను కూడా సీజన్ మొదట్లో తొమ్మిది చెప్పి, మిగతా ఆరూ ఉన్నాయిలే అనుకుని లేచి వచ్చేశాడు. ఉన్నాయన్న నమ్మకమే గానీ వాటి మొహం చూడలేదు. అంతకు ముందు ఏడు? ఆ ముందు ఏడు? అతని నిజం మార్కు ఎంతో ఏ ఫైల్లోనూ రాసి లేదు. అతనికీ తెలియదు.

గురువారం సాయంత్రం ఇంట్లో భార్య మిషను మీద ఎవరివో కర్టెన్లు కుడుతోంది. గోడ ఎదురుగా కూర్చుని క్లబ్బు బస్సు డ్రైవరు సంగతి మొదలుపెట్టాడు. బస్సు తీసుకుని పక్క స్టేడియానికి వెళ్లిపోయి, వేరే జట్టుని ఎక్కించుకున్నాడట. కథలో బస్సు ఇంకా కదలకముందే భార్య పకపకా నవ్వింది.

"అదేంటి, అసలు సంగతికి నేనింకా రాలేదుగా?" అన్నాడు గోడ.

మిషను ఆగింది. ఆమె గుడ్డ మీద ముడత సర్దింది.

"సోమవారం చెప్పావ్," అంది. "నిన్న కూడా చెప్పావ్."

"మరి నవ్వావేంటి?"

"నిన్న కూడా నవ్వాను."

"దెబ్బ తగిలింది కదే. నాలుగు రోజులుంటే అదే సర్దుకుంటుంది."

"దెబ్బ మొన్నటిది. నేను వేసవి సెలవుల నుంచి చూస్తున్నా."

"ఏం చూస్తున్నావ్?"

"మా అమ్మావాళ్లింటికి వెళ్లేటప్పుడు మలుపు మలుపుకీ దారి నన్నడిగావ్. నన్ను ఆటపట్టిస్తున్నావనుకుని నేనూ పకపకలాడా. గుమ్మంలో దిగాక నీ మొహం చూస్తే ఆట కాదని తెలిసింది. పదేళ్లుగా వెళ్తున్న ఇల్లు అది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మానేసేవాడివా?" ఆమె గొంతు పెరిగింది. "మానేస్తే నువ్వేమైపోతావో అని ఒక భయం, మానకపోతే ఏమైపోతావో అని ఇంకో భయం. రెండిటి మధ్యా నవ్వుతూ కూర్చున్నా. ఇంకేం చెయ్యమంటావ్ నన్ను?"

వేసవి సెలవులంటే సీజన్ మొదటి పరీక్షకి ముందే. గోడ ఆ లెక్క రెండుసార్లు చేసుకున్నాడు, పొరపాటు పడ్డానేమోనని. పొరపాటేమీ లేదు. అంటే ఆ రోజు డాక్టరమ్మ ముందు అతను ఆరు మాటలు దాచలేదు. దాచడానికి అవి లేవు.

"ఒక్క మ్యాచ్," అన్నాడు.

మిషను మళ్లీ నడిచింది.

ఆదివారం డ్రెస్సింగ్ రూమ్ కిక్కిరిసి ఉంది. కోచ్ పేర్లు చదువుతూ, "గోడా, ఇవాళ్టితో ఇరవై ఐదు. ఇంకో ఏడాది నిన్ను భరించాలి, మా ఖర్మ," అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. గోడ ఒక బూటుకి లేసు కట్టుకున్నాడు. రెండోది కట్టబోయి, లేచి, ఆ బూటుతో అలాగే డాక్టరమ్మ గదిలోకి వెళ్లాడు. సంతకం ఉన్న కాగితం ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఇది తప్పు మేడమ్. సీజన్ మొదట్లో నేను మీకు కావాలని తక్కువ చెప్పా."

డాక్టరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఎన్ని దాచావ్?"

"ఆరు దాచాననుకున్నా."

"అనుకోవడమేంటి?"

"మంగళవారం నేనేమీ దాచలేదు. తొమ్మిదే వచ్చాయి. ఇప్పుడాలోచిస్తే అప్పుడు కూడా అంతేనేమో మేడమ్."

ఆమె కాగితాన్ని దగ్గరికి లాక్కుని సంతకాన్ని అడ్డంగా కొట్టేసింది.

"నువ్వొక్కడివేనా ఇలా చేసింది?"

గోడ తలుపు వైపు చూశాడు. బయట బూట్ల చప్పుడు, కేకలు, ఎవరో ఎవరి వీపో చరుస్తున్నారు.

"నేర్పిందే నేను," అన్నాడు.

డాక్టరమ్మ సొరుగు లాగి ఫైలు విప్పింది. ఏడు. ఎనిమిది. తొమ్మిది. ఎనిమిది. ఏడు. బంతాట వాళ్ల తలలు ఇంతే కాబోలని ఇన్నేళ్లూ సరిపెట్టుకుంది. ఈ సీజన్‌లోనే ఐదుగురు తలకి దెబ్బ తగిలి, పరీక్ష రాసి, ఆమె సంతకంతో మైదానంలోకి తిరిగి వెళ్లారు. ఆ ఐదుగురిలో పిల్లి ఒకడు.

కోచ్ తలుపు తోశాడు. "ఇంకా ఇక్కడేంట్రా? రిఫరీ పిలుస్తున్నాడు!"

"ఇతను ఆడడు," అంది డాక్టరమ్మ. "ఇంకా కొంతమందిని కూడా ఆపాలి."

"ఎవర్ని?"

ఆమె కాగితాలు తిరగేసింది. "తెలీదు. అదే చెప్తున్నా, ఇవి చూస్తే ఎవరి సంగతీ తెలీదు."

"స్టేడియం నిండిపోయింది మేడమ్. తెలిశాక చెప్పండి," అని కోచ్ వెళ్లిపోయాడు. డాక్టరమ్మ ఫైలు గుండెకి అదుముకుని అతని వెనకే పరిగెత్తింది.

గోడ గుమ్మంలోకి వచ్చాడు. జట్టు వరసగా నడిచి వెళ్తోంది. చివర్లో పిల్లి ఉన్నాడు. కట్టని లేసు చూశాడు, బావ మొహం చూశాడు. మొత్తం అర్థమైపోయింది.

"నోరు విప్పేశావా? మమ్మల్నందర్నీ నిలువునా ముంచావ్ కదా బావా!"

"నువ్వూ ఆగిపోరా. నా మాట విను. మీ అక్క మీద ఒట్టు."

"నాకేం? నాకు పదిహేనూ వస్తాయి," అని పిల్లి గ్లవ్స్ రెండూ చరుచుకుని ముందుకి సాగాడు.

ఆ నడవ చివర మైదానం వెలుగు కనపడుతుంది. అక్కడి నుంచి ఎడమకి తిరిగితే వాళ్ల గోల్, కుడికి తిరిగితే అవతలివాళ్లది. ఆ స్టేడియంలో పిల్లి నాలుగేళ్లుగా ఆడుతున్నాడు. వెలుగులోకి వచ్చి ఒక్క క్షణం ఆగాడు. ఎడమకి చూశాడు, కుడికి చూశాడు. తర్వాత ముందు నడుస్తున్నవాడి వీపు చూసుకుంటూ వాడు తిరిగిన వైపే తిరిగాడు.

జనం చప్పట్లు మిన్నంటాయి. గోడ, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

ఇదండీ సంగతి. ఇది ఎవరికి పంపాలో మీకు ఈపాటికే ఎవరో ఒకరు గుర్తొచ్చి ఉంటారు. వాళ్లకి పంపండి. ఆడేవాళ్లకే కాదు, ఇంట్లో వాళ్ల పక్కన నవ్వుతూ కూర్చున్నవాళ్లకి ముందు పంపండి. ఉంటాను మరి.