మామకు వేవిళ్ళు

మా మామ యతిరాజులు చిత్తూరులో మా వీధి పెరుమాళ్ళ గుడిలో తీర్థం ఇచ్చేవాడు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆయన పంచె ఉతికితే చాలు, నీళ్ళన్నీ పచ్చకర్పూరం వాసనే.

నాకు బిడ్డ పుట్టిన ఏడు ఆయన ఊపిరితిత్తిలో చిన్న గడ్డ కనపడింది. క్యాన్సరే గానీ తొందరగా దొరికింది అన్నారు వేలూరు ఆసుపత్రిలో. కోసి తీసేసినారు. "కంటికి కనపడనిది ఏమన్నా మిగిలుంటే అది మళ్ళా పెరగకుండా ఈ మందు" అని డాక్టరమ్మ చెప్పింది. నెల నెలా పోయి నరానికి ఎక్కించుకోవల్ల. రెండుసార్లు అయినాయి, ఇంకా ఉండాయి.

రెండోసారి అయినాక కొంచెం తేరుకోని గుడికి పోయినాడు. తీర్థం గిన్నె చేతికి తీసుకున్నాడో లేదో ఆ పచ్చకర్పూరం వాసనకు కడుపులో తిప్పింది. గిన్నె పక్కన పెట్టి బయటికి వచ్చి కాలువలో కక్కుకున్నాడు. ఇంటికొచ్చి గోడ తట్టు తిరిగి పండుకున్నాడు.

"రేపు వేలూరికి పోవల్ల కదా, లేచి ఇంత మజ్జిగన్నా తాగండి" అనింది అత్త.

"నేను పోను. స్వామే నన్ను వద్దంటా ఉండాడు. ఆయన తీర్థమే పడని ఒళ్ళు ఇంక ఉండి ఏం చేసేది?"

అత్త బతిమాలింది, తిట్టింది. ఆయన ఈ పక్కకు తిరగనే లేదు.

నా బిడ్డ పద్మాక్షి అప్పుడప్పుడే నిలబడతా ఉండాది. తాత గొంతు వినపడితే నా చంకలో నుంచి దూకేది. ఆ మందు మానేసి, గడ్డ మళ్ళా వస్తే, దీనికి తాత మొహం కూడా గుర్తుండదే అని నాకు భయం. మామ ఎదురుగా మాట్లాడే అలవాటు లేదు. బిడ్డను చంకనేసుకోని తలుపు చాటున నిలబడే అన్నాను.

"మామా, ఇది కడుపులో ఉన్నప్పుడు నాకూ పచ్చకర్పూరం పడేది కాదు. మీరిచ్చిన తీర్థం తాగి, ఇంటికొచ్చి పెరట్లో కక్కేదాన్ని. స్వామి నన్ను వద్దనలేదే. బిడ్డనిచ్చినాడు."

అత్త నోరు తెరిచింది. "నాతో చెప్పనే లేదే!"

"తీర్థం కదత్తా, ఎట్లా చెప్పేది?"

మామ మెల్లిగా ఇటు తిరిగినాడు. "అంటే నాకు వేవిళ్ళంటావా, అమ్మణ్ణీ?"

"అట్లాంటివే మామా. మందు చేసే పని. అది అయిపోతే ఇవీ పోతాయి."

అత్త ఇంక ఆపుకోలేకపోయింది. "ఈ వయసులో ఏం ముచ్చట! మామిడికాయ కోసి పెట్టేదా? గాజులు కూడా తొడిగించేదా?"

"నోరు మూసుకోవే" అన్నాడు గానీ నవ్వినాడు. నవ్వితే కోసిన కాడ లాగి పక్కటెముకలు పట్టుకున్నాడు. "మామిడికాయ మాత్రం తే. ఉప్పు అద్ది."

ఆ నెలలో ఆయన నోటికి హితవుగా పోయింది అదొక్కటే.

"నీకు ఎప్పుడు తగ్గింది?" అని అడిగినాడు నన్ను.

"నాలుగో నెల దాటినాక."

"నాకూ అంతకే అయిపోవల్ల మరి" అన్నాడు.

తెల్లారి బస్సుకు ముందర గుడికి పోయినాము. ఆయన లోపలికి రాలేదు. కోయని పక్క భుజాన పద్మాక్షిని ఎత్తుకోని ధ్వజస్తంభం కాడే నిలబడినాడు.

"ఈడిదాకా వాసన రాదు. స్వామి మాత్రం బాగా కనపడతా ఉండాడు" అని దాని చేతులు పట్టి దండం పెట్టించినాడు. నా పక్క తిరిగి, "పద అమ్మణ్ణీ, బస్సు పోతాది" అన్నాడు.