చేతులతో తొక్కిన సైకిలు

నేను ఒక సైకిలుని. అయితే నన్నెక్కి ఇంతవరకూ ఎవరూ ఏ ఊరూ వెళ్లలేదు. నాకున్నది ఒక్కటే చక్రం, అదీ నేలకు ఆనదు. ఇనుప బల్లకు బిగించి ఉంటాను. ఎదురుగా స్టూలు మీద కూర్చుని నా పెడళ్లను చేతులతో తిప్పుతారు.

విజయనగరంలో మిల్లు వెనక వీధిలో వెల్డింగ్ చేసే జలాలు నన్ను రెండు పూటల్లో తయారుచేశాడు. పాత సైకిలు పెడళ్లూ చెయినూ, మూతపడ్డ పిండిమరలోంచి తెచ్చిన బరువైన చక్రం, తిరిగే చక్రాన్ని బిగబట్టడానికి ఒక తోలు పట్టీ, అంతే నేను.

"దీన్నెక్కి ఎక్కడికెళ్తారు మాస్టారూ?" అని నవ్వాడు జలాలు.

"ఎక్కడికీ ఎల్లకుండా కూకోబెట్టడానికేనయ్యా," అన్నారు పరుగు నేర్పే కూర్మారావు మాస్టారు. ఆయన నవ్వలేదు.

కూకోబెట్టవలసిన మనిషి పేరు పైడిరత్నం. మిల్లు కార్మికుడి కూతురు, ఇరవై రెండేళ్లది. పదివేల మీటర్లు, అంటే మైదానం చుట్టూ ఇరవై ఐదు రౌండ్లు పరుగెత్తుతుంది. మోకాలి కింద ఎముక నొప్పెడుతుంటే మూడు వారాలు ఎవరికీ చెప్పకుండా గుడ్డ కట్టుకుని పరుగెత్తింది. చివరికి డాక్టరు ఎక్స్‌రే ఫిలింలో చూపించాడు, ఎముక మీద వెంట్రుకంత చీలిక. ఎనిమిది వారాలు పరుగు మాటే తలపెట్టొద్దన్నాడు. జాతీయ పోటీలకు రాష్ట్ర జట్టును ఎంచే పరుగేమో ఏడో వారం చివర్లో ఉంది. ఇరవై మూడేళ్లలోపు వాళ్ల విభాగంలో ఆమెకు అదే ఆఖరి ఏడాది.

కాలు కదపకుండా ఊపిరి నిలబెట్టాలి. మాస్టారు ముందు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఇసక నింపిన గోనెసంచిని గుద్దించారు. రెండు రోజులకే మణికట్టు వాచింది. కాళ్లకు తేలే డబ్బా కట్టి చేతులతోనే ఈదమన్నారు. ఈత రాని పిల్ల, నీళ్లు మింగి ఏడ్చింది. లావుపాటి తాళ్లు పట్టుకుని కెరటాల్లా ఊపమన్నారు. ఊపిన ప్రతిసారీ తెలియకుండానే కాలు నేలకేసి తన్నేది. ఆ తర్వాత మైదానం పక్కన షెడ్డులోకి వచ్చాను నేను.

"గుండెకి చేతులేవో కాళ్లేవో తెలీదు గుంటా," అన్నారు మాస్టారు. "పని సెప్తే సేసుకుపోద్ది."

మొదటి వారం ఆమె నన్ను తిట్టింది. ఊపిరి ఆడకముందే భుజాలు మండిపోయేవి. రెండు నిమిషాలు గట్టిగా, ఒక నిమిషం మెల్లగా, అలా పదిసార్లు. మూడో వారానికి చేతులు నన్ను నమ్మాయి. నాలుగో వారానికి చెమట నా చెయిను మీద కారి తుప్పు పట్టించింది. అయిదో వారంలో మాస్టారు నా తోలు పట్టీని మరో రెండు రంధ్రాలు బిగించారు. అయినా ఆమె ఊపిరి తొణకలేదు. నేను గర్వపడ్డాను. ఆ గర్వాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. ఊపిరిని తిరిగి తెచ్చానే గాని, ఎముక దగ్గరికి నేను వెళ్లలేదు.

ఏడో వారం ఒక ఉదయం ఆమె పెడళ్లు వదిలేసి అంది. "నొప్పి నేదు మాస్టారూ. మెట్లెక్కినా నేదు. డాక్టరుగారికేటి తెలుసు, నా ఊపిరి నాకు తెలుస్తంది కదా."

మాస్టారు నా చక్రంకేసి చూశారు. వద్దు అనడానికి రెండక్షరాలు చాలు, ఆయన అవి అనలేదు. "నీ ఇష్టం," అన్నారు. మనుషులు ఆ మాటని ఎంత మర్యాదగా వాడతారో! ఒప్పుకున్నదీ తెలియదు, కాదన్నదీ తెలియదు. తప్పు మాత్రం ఎదుటివాడి సంచిలో పడుతుంది.

ఆ పరుగు నేను చూడలేదు. వెళ్లి చూసొచ్చిన పిల్లలు షెడ్డులో చెప్పుకుంటుంటే విన్నాను. పదిహేడో రౌండు దాకా రెండో స్థానంలో ఉందట. ముందున్న అమ్మాయి రొప్పుతుంటే ఈమె నోరు మూసుకునే పరుగెత్తుతోందట. మలుపు దగ్గర ఎండుకర్ర విరిగినట్టు చప్పుడైందట. పడ్డాక కూడా మోచేతుల మీద గీత దాకా పాకబోయిందట.

ఎముకలో ఇనుప కడ్డీ వేశారు. మాస్టారు నామీద గోనెపట్టా కప్పేశారు. ఆసుపత్రికి రెండుసార్లు వెళ్లారు. రెండుసార్లూ ఆమె గోడవైపు తిరిగి పడుకుందట.

నాలుగు నెలలు చీకట్లో ఉన్నాను. ఒక మధ్యాహ్నం గోనెపట్టా తీసిన చేతులు ఆమెవే. చంకకర్రను నాకే ఆనించి, స్టూలు మీద కూర్చుంది. చెయిను బిగుసుకుపోయి కిర్రుమంది. ఆ చప్పుడుకు మాస్టారు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు.

ఆమె తిప్పుతూనే అడిగింది. "ఆవేళ ఎందుకు ఆపనేదు మాస్టారూ?"

"నువ్వు ఆగవనుకున్నాను."

"మీరు సెప్తే ఆగేదాన్ని."

మాస్టారు గుమ్మం పట్టుకున్నారు. "తెలుసమ్మా. అందుకే సెప్పలేదు. ఇరవయ్యేళ్ల నుంచి పిల్లల్ని తయారుచేస్తన్నాను. నా పిల్ల ఒక్కర్తయినా రాష్ట్రం జట్టులో ఉంటే సూడాలని... నీ కాలు కన్నా నాకదే పెద్దదైపోయింది."

నా చక్రం ఆగిపోయింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. చేతులకంటిన తుప్పును లంగాకు తుడుచుకుంది.

"నొప్పి దాసింది నాను," అంది చివరికి. "నోరు దాసింది మీరు. సోమారం డాక్టరుగారు రమ్మన్నారు. మీరూ రండి. ఆయన సెప్పింది ఇద్దరం ఒక్కసోట కూకుని ఇందాం."

"ఎన్నింటికి?"

"తొమ్మిదికి."

మాస్టారు లోపలికి వచ్చి, నూనె డబ్బా వెతికి, నా ముందు చతికిలబడి చెయినుకు ఒక్కొక్క చుక్కే వేయడం మొదలుపెట్టారు. ఆమె పెడలును కొద్దికొద్దిగా తిప్పి పట్టుకుంటోంది, ఆరిన చోటల్లా ఆయనకు అందేలా.