సెలవు పెట్టని జానయ్య

నాగేందర్ కుడి బొటనవేలిని జుట్టులో రెండుసార్లు రుద్దుకుని మళ్లీ యంత్రం మీద పెట్టాడు. "ప్లీజ్ ట్రై ఎగేన్" అంది గోడమీది ఆడగొంతు. మూడోసారికి గాని "థాంక్యూ" అని తలుపు వదల్లేదు. రోజూ ఇదే తంతు. చిన్నప్పుడు గొర్రెలకు కొమ్మలు నరికి నరికి ఆ వేలి గీతలు అరిగిపోయాయి. తలకు రాసుకున్న కొబ్బరినూనె కాస్త అంటితే తప్ప ఆ యంత్రం అతన్ని మనిషి కింద జమకట్టదు.

సర్వర్ గది అంటే పేరు గొప్పే గాని, ఒక బీరువా, ఒక కుర్చీ పట్టేంత జాగా. నల్లగొండలో మార్చి ఎండ అప్పుడే రోడ్లను మాడుస్తున్నా ఆ గదిలో మాత్రం పొద్దస్తమానం చలికాలమే. కుర్చీ వీపున వేలాడుతున్న నల్ల గొంగడిని తీసి భుజాల మీద కప్పుకున్నాడు. అది తండ్రి జానయ్యది. తొమ్మిదేళ్లు ఏసీలో ఉన్నా ఇంకా గొర్రెల వాసన వదల్లేదని ఆఫీసులో అందరూ ఆటపట్టిస్తారు. నాగేందర్ కూడా నవ్వుతాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఊళ్లో తాగిన ఫ్లోరైడు బోరు నీళ్లు అతని పళ్ల మీద గోధుమరంగు చారలు గీసి, మెడను బిగించేశాయి. పక్కకు చూడాలంటే నడుము దాకా మనిషి మనిషంతా తిరగాలి.

ఆ విత్తనాల కంపెనీలో నలభై కంప్యూటర్లు, వాటన్నిటికీ పెద్దదిక్కుగా ఈ సర్వరు, సర్వరుకు పెద్దదిక్కుగా నాగేందరు. పదకొండేళ్లుగా ఉన్నాడు, పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. పోయిన ఏడాది హైదరాబాదు వాళ్లు కంపెనీని కొనుక్కున్నప్పుడు మేనేజర్ రఘుపతి అతని భుజం తట్టి ఒక మాట అన్నాడు. వచ్చే ప్రతి మెయిల్‌నూ గుమ్మం దగ్గరే ఆపి, దొంగదైతే పక్కన పడేసే కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి హైదరాబాదు నుంచి వస్తోంది. మార్చి నెలాఖరులోగా దాన్ని సర్వర్‌లోకి ఎక్కిస్తే పర్మనెంటుకు పేరు రాస్తాను అన్నాడు. ఈ రోజు మార్చి ముప్పై ఒకటి, శుక్రవారం. పర్మనెంటు అయితే కంపెనీ హెల్త్ కార్డు వస్తుంది. కార్డు వస్తే కేతేపల్లిలో ఉన్న తల్లి బీరమ్మకు హైదరాబాదు పెద్ద దవాఖానలో కిడ్నీలు చూపించవచ్చు. అతనికి కావలసింది అంతే, అంతకుమించి ఆశపడటం అతనికి చేతకాదు.

సాఫ్ట్‌వేర్ మాత్రం ఎక్కనంటోంది. ఆకుపచ్చ పట్టీ నూటికి డెబ్బై దాకా బుద్ధిగా నడుస్తుంది, అక్కడ ఆగి ఆలోచిస్తుంది, తర్వాత చేసిందంతా తానే చెరుపుకుంటూ మొదటికి వెళ్లిపోతుంది. 'సర్వీసు మొదలుకాలేదు' అని ఒక ముక్క రాసి ఊరుకుంటుంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి నాగేందర్ ఏడుసార్లు ప్రయత్నించాడు. డిస్కులో చోటు చూశాడు. గడియారం సరిగా ఉందో లేదో చూశాడు. పాత యాంటీవైరస్‌ను కాసేపు నిద్రపుచ్చాడు. ఫైర్‌వాల్‌లో దారి వదిలాడు. దేనికీ లొంగలేదు. అసలు చూడవలసిన చోటు ఒకటుందని అతనికి తట్టలేదు, ఎందుకంటే అక్కడ తప్పు జరుగుతుందని అతను కలలో కూడా అనుకోడు.

పన్నెండింటికి రఘుపతి తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఏమాయె నాగేందర్, ఎక్కిందా?"

"డెబ్బై దాంక పోయి వాపస్ వస్తాంది సార్. ఒక్కపారి సర్వర్ బంద్ జేసి చాలు జేస్త."

"ఏమన్న జెయ్యి. ఇయ్యాల గావాలె." ఆ మాట అంటూ రఘుపతి అతని వైపు కాకుండా గొంగడి వైపు చూశాడు.

సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. అదే అతని కొంప ముంచింది. నాలుగు నిమిషాల్లో హాల్లోంచి కేకలు మొదలయ్యాయి. ప్రింటర్ రావట్లేదు, మెయిల్ తెరుచుకోవట్లేదు, గోదాము లెక్కల ఫోల్డర్ నువ్వెవరని అడుగుతోంది. డెస్పాచ్ గుమాస్తా ఐలేశం నేరుగా వచ్చి గాజు తలుపును వేళ్లతో కొట్టాడు.

"ఏందన్నా, ఉన్నయి గూడ ఊడవీకినవా? నా మెయిల్ మల్ల బందెల దొడ్ల వడ్డదా?"

బందెల దొడ్డి నాగేందర్ పెట్టిన పేరు. అనుమానపు మెయిళ్లను పాత సాఫ్ట్‌వేర్ ఒక పక్కన ఆపి ఉంచే చోటుకు ఇంగ్లీషులో ఏదో నోరు తిరగని పేరుంది. చేలో పడ్డ పశువుల్ని తోలుకొచ్చి కట్టేసే దొడ్డి లాంటిదే గదా అని ఒకసారి అన్నాడు, ఆఫీసంతా అదే పట్టుకుంది. రెండేళ్ల కింద ఇదే ఐలేశం 'అర్జెంట్' అని వచ్చిన మెయిల్‌ను తెరిచి నలభై కంప్యూటర్లకూ తాళం పడేలా చేశాడు. అది విప్పడానికి మూడు రోజులు పట్టింది. అప్పటి నుంచి బయటి కొత్త చిరునామా నుంచి 'అర్జెంట్' అన్న మాటతో ఏది వచ్చినా దొడ్డిలో పడేలా నాగేందర్ కట్టడి చేశాడు. ప్రతి సోమవారం దొడ్డిని వెతికి, ఎవరి మంచి మెయిళ్లను వాళ్లకు వదిలేవాడు. తన పేరు మీద పడ్డవి మాత్రం చూసేవాడు కాదు. తనకు మెయిల్ రాసేవాళ్లెవరున్నారు?

ఐలేశాన్ని పంపేసి, ఇప్పుడు చూడవలసిన చోట చూశాడు. ఉద్యోగుల పేర్ల పట్టీ తెరిచి 'జ' దగ్గరికి వెళ్లాడు. జగన్నాథం ఉన్నాడు. జ్యోతి ఉంది. మధ్యలో జానయ్య లేడు.

నాగేందర్ ఆ పట్టీని మూడుసార్లు పైకీ కిందికీ తిప్పాడు.

తొమ్మిదేళ్ల కింద ఈ సర్వర్ వచ్చినప్పుడు, దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజినీరు ఒక సంగతి చెప్పాడు. లోపల రాత్రింబగళ్లు నడిచే పనులన్నీ ఒక ఖాతా పేరు మీద నడవాలి, అది ఉద్యోగం మానే మనిషి పేరు కాకూడదు, సెలవు పెట్టే మనిషి పేరు కాకూడదు అన్నాడు. పేరు, ఇంటిపేరు రాయమని తెర అడుగుతోంది. అప్పటికి జానయ్య పోయి ఇరవై రోజులైంది. వానొచ్చినా జ్వరమొచ్చినా మందను ఒక్క పూట వదలని మనిషి. నాగేందర్ ఇంకేమీ ఆలోచించలేదు, తండ్రి పేరు కొట్టాడు. శాఖ ఏది అంటే 'కాపలా' అని రాశాడు. పాస్‌వర్డు తండ్రి మందలో ముందు నడిచే బొల్లిగొర్రె పేరు. ఆ రోజు నుంచి ఆఫీసులో మెయిళ్లు మోసిందీ, ప్రింట్లు తీసిందీ, ఫైళ్లు దాచిందీ జానయ్యే. ఆ సంగతి ఎవరికీ తెలియదు. పొద్దున్నే తెర మీద ఆ పేరు పక్కన 'నడుస్తోంది' అన్న మాట చూసి నాగేందర్ రోజు మొదలుపెట్టేవాడు. తండ్రిని పలకరించినట్టు ఉండేది.

సర్వర్ చిట్టాలో ఒక వాక్యం ఉంది. నిన్న సాయంత్రం నాలుగూ నలభైకి, జానయ్య ఖాతా తొలగించబడింది. తొలగించింది హైదరాబాదు ఆఫీసు.

ఫోన్ చేస్తే అక్కడి ఇంజినీరు త్రివేణి అనే అమ్మాయి ఎత్తింది. మొదట పుస్తకంలో మాటలు మాట్లాడింది. ఆడిట్‌లో ఉద్యోగి నంబరు లేని ఖాతాలన్నీ తీసేశామండీ, అలాంటి మనిషి కంపెనీలో లేడు కదండీ, అంది.

"లేకపాయె మేడం. ఆయన మా నాయిన. సచ్చిపోయి తొమ్మిదేండ్లాయె. కని పనంత ఆయనే జేస్తుండు."

అవతల గొంతు మారింది. "అన్నా, మాది అచ్చంపేట. నువ్వు జెప్పేది నాకర్థమైతాంది. కని తీసేసిన ఖాతా వాపస్ తెచ్చే ఏర్పాటు మీ సర్వర్ల పెట్టలే. కొత్తగ జేస్కోవాలె. నంబర్ లేకుంటె సోమవారం మిషినే మల్ల తీసేస్తది. ఎవలదన్న ఉద్యోగి నంబరియ్యి."

"నాదే ఇస్త."

"నీదా?" అంది త్రివేణి. "అన్నా, నీకు మెయిల్ రాలేదా?"

"ఏం మెయిల్?"

"ఏం లే. పని గానియ్యి. పైలం." ఫోన్ పెట్టేసింది.

నాగేందర్ కొత్త ఖాతా తెరిచాడు. అదే పేరు, అదే శాఖ, అదే బొల్లిగొర్రె. ఉద్యోగి నంబరు గడిలో తన నంబరు రాశాడు. సర్వీసును మొదలుపెట్టి చూస్తే, 'అనుమతి లేదు' అంది. అతనికి తెలుసు, తెలిసీ ఒకసారి ఆశపడ్డాడు. కంప్యూటర్ మనుషుల్ని పేరుతో గుర్తుపట్టదు. పుట్టించినప్పుడు ప్రతి ఖాతాకూ లోపల ఒక అంకె పెడుతుంది. ఖాతా పోతే ఆ అంకె కూడా దానితోనే పోతుంది, అదే పేరుతో వెయ్యిసార్లు పుట్టించినా తిరిగి రాదు. తొమ్మిదేళ్లుగా జానయ్యకు తలుపులు తీసిన ఫోల్డర్లన్నీ ఈ జానయ్యను ఎరగమన్నాయి. నాగేందర్‌కు ఏడుపొచ్చింది. ఏడవలేదు గాని, గొంగడి అంచుతో ముక్కు తుడుచుకున్నాడు.

ఒంటిగంటన్నరకు రోజూ లాగే బీరమ్మ ఫోన్ చేసింది.

"తిన్నవా బిడ్డా?"

"తింటున్ననమ్మా." భార్య స్వర్ణ కట్టిచ్చిన టిఫిన్ మూత తీయకుండానే ఉంది.

"ఎక్కిందా నీ పరిమినెంటు?"

"పొద్దుమీకి ఎక్కుతది. నువ్వు గోలీ ఏస్కున్నవా? కాళ్ల వాపు దిగిందా?"

"దిగుతది తియ్యి. నీ గొడ్లను నువ్వు సక్కగ కాస్కో." కొడుకు ఆఫీసులో ఏదో మందను కాస్తున్నాడనే ఆమె లెక్క. అతను ఎన్నడూ దిద్దలేదు.

ఇక అడ్డదారి లేదు. నూటనలభై ఫోల్డర్లు, పద్దెనిమిది సర్వీసులు. ఒక్కొక్కటీ తెరిచి, జానయ్య పేరు చేర్చి, సరే నొక్కి, మూసి, తర్వాతది. మెడ తిరగదు కాబట్టి తెర నుంచి కాగితానికి, కాగితం నుంచి తెరకు ప్రతిసారీ కుర్చీతో సహా తిరిగాడు. మూడింటికి ప్రింటర్లు వచ్చాయి. నాలుగింటికి మెయిల్ తెరుచుకుంది, హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఐదూ పదికి ఎనిమిదోసారి ఆకుపచ్చ పట్టీని నడిపించాడు. డెబ్బై దగ్గర ఆగింది. డెబ్బై ఒకటి. తర్వాత చకచకా నూరు.

కొత్త సాఫ్ట్‌వేర్ వస్తూనే పాత బందెల దొడ్డిని తన కిందికి తీసుకుని, ఆగిపోయిన మెయిళ్లను పేర్లవారీగా సర్ది చూపించింది. తల్లిని దవాఖానకు తిప్పుతూ నాగేందర్ రెండు సోమవారాలుగా దొడ్డిని చూడలేదు. అందరివీ వదిలాడు. చివర్న తన పేరు కనిపించింది, పక్కన ఒకే ఒక్క మెయిల్. పదకొండు రోజుల కిందటిది. హైదరాబాదు ఆఫీసు కొత్త చిరునామా. పైన 'అర్జెంట్' అని ఉంది.

మెయిల్ వ్యవస్థ పూర్తిగా హైదరాబాదుకు మారుతున్నందున మీ సేవలు మార్చి ముప్పై ఒకటి సాయంత్రం ఆరు గంటలతో ముగుస్తాయి. ఆలోగా కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించి అప్పగించగలరు. ప్రతి: శ్రీ రఘుపతి, మేనేజర్.

రెండుసార్లు చదివాడు. తర్వాత లేచి, గొంగడి తీసి కుర్చీ వీపున వేసి, మేనేజర్ గదికి వెళ్లాడు. రఘుపతి బల్ల మీద కాగితాలు సర్దుతున్నాడు. సర్దిన వాటినే మళ్లీ సర్దాడు.

"ఎక్కింది సార్."

"శాబాష్." అతను తల ఎత్తలేదు. "మెయిల్ జూసినవా?"

"ఇప్పుడె జూసిన. మీకు ముందే ఎర్కేనా సార్?"

"నా చేతుల లేదు నాగేందర్. పని అయినంక చెప్దమనుకున్న. ముందుగాల చెప్తె నువ్వు చేసెటోనివా?"

నాగేందర్ నడుము దాకా తిరిగి అతన్ని సూటిగా చూశాడు. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"చెప్పినా చేసెటోన్నే సార్."

రఘుపతి అప్పగింత కాగితాలు ముందుకు జరిపాడు. నాగేందర్ ఒక్కో పేజీ చదివి సంతకాలు పెట్టాడు. తాళం చెవులు, ఐడీ కార్డు బల్ల మీద పెట్టాడు. బయటికి వచ్చేసరికి ఆరూ పది. హాలు ఖాళీగా ఉంది, ఊడ్చే ఈదమ్మ కుర్చీలు బల్లల మీదికి ఎత్తుతోంది.

టిఫిన్ డబ్బా, గొంగడి లోపలే ఉన్నాయి. బొటనవేలిని జుట్టులో రుద్దుకుని యంత్రం మీద పెట్టాడు. "ప్లీజ్ ట్రై ఎగేన్." మళ్లీ రుద్దాడు, మళ్లీ పెట్టాడు. మూడోసారి, నాలుగోసారి. ఐదోసారికి గాని అతనికి వెలగలేదు. ఆరింటితో అతని నంబరును తీసేశారు.

ఆ వెంటనే ఇంకొకటి వెలిగింది. జానయ్యకు ఇచ్చింది కూడా ఆ నంబరే. సోమవారం హైదరాబాదు యంత్రం మళ్లీ పట్టీ చూస్తుంది, నంబరు లేని మనిషిని ఏరేస్తుంది. తెరిచిన నూటనలభై తలుపులూ ఒక్కసారే మూసుకుంటాయి. చెప్పాలి గదా అనుకుని జేబులోంచి ఫోన్ తీశాడు. త్రివేణి పేరు దాకా వెళ్లాడు. అప్పుడే తల్లి ఫోన్ వచ్చింది.

"ఎక్కిందా బిడ్డా?"

"ఎక్కిందమ్మా."

"ఇగ నాకు ఫికర్ లేదు. నీ నాయిన ఉంటె సంబురపడెటోడు."

"ఔనమ్మా," అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీయలేదు. పదకొండేళ్లలో మొదటిసారి ఒక పనిని చూసి, ఇది నా పని కాదు అనుకున్నాడు. అది అనుకోవడానికి అతనికి చాలా కష్టమైంది.

"నాగేందర్ సారూ, లైట్లు బంద్ జేద్దునా?" అంది ఈదమ్మ మెట్ల దగ్గర నుంచి.

"చెయ్యమ్మా," అని అతను మెట్లు దిగాడు.

హాల్లో చీకటి పడింది. గాజు తలుపు అవతల సర్వర్ దీపాలు పచ్చగా మినుకుమంటూనే ఉన్నాయి. వాటి ముందు కుర్చీ వీపున, ఏసీ గాలికి ఒక కొస మెల్లగా కదులుతూ, జానయ్య నల్ల గొంగడి ఉంది.