అచ్చులో లేని మాట

ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. ముసలితనంలో వచ్చిన అక్షరాలు, మెల్లగా నడుస్తాయి. ‘నేను’ అని రాయబోతే చెయ్యి సాగలేదు, అందుకని ‘ఆమె’ అనే రాస్తున్నాను.

క్రిస్మస్ ముందు రోజు ఇల్లు దులుపుతూ ఆమె పాత పిల్లల కథల పుస్తకం చేతిలోకి తీసుకుంది. భర్త ఉన్నన్నాళ్లూ ఆ పుస్తకం ఆయనదే. పండగ ముందు రోజు సాయంత్రం పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకొని, రొట్టెలు కాల్చేవాడి పెళ్లాం చలికి వణికే పిచ్చుకను కాపాడిన కథ చదివేవాడు. ఆమెకు ఆ కథ వంటింట్లోంచి ముక్కలు ముక్కలుగా వినబడేది. ఒక్క ముక్క మాత్రం ఎప్పుడూ పూర్తిగా వినబడేది. “ఆ పెళ్లాం ఒట్టి మొద్దు. వంట తప్ప ఏదీ రాదు, ఆ వంటా సరిగ్గా రాదు.” పిల్లలు పకపకా నవ్వి వంటింటి వైపు చూసేవారు. ఆమె కూడా నవ్వి, కుళాయి ఇంకాస్త తిప్పేది. ఒకసారి నొచ్చుకుంటే ఆయన, “అచ్చులో ఉన్నదే చదివాను. కోపమొస్తే ఆ రాసినవాణ్ణి తిట్టుకో,” అన్నాడు. తిట్టుకుంది కూడా. ముక్కూ మొహం తెలియని ఆ మనిషికి తన వంట సంగతి ఎవరు చెప్పారా అని, గిన్నెలు తోముతూ ఎన్నేళ్లు కుమిలిందో.

ఆయన పోయాక సాయంత్రం బడికి వెళ్లి చదవడం నేర్చుకుంది. ఇప్పుడు దుమ్ము గుడ్డ పక్కన పెట్టి, వేలు కదుపుతూ ఆ కథ చదివింది. మళ్లీ చదివింది. పెళ్లాం పిచ్చుకను కొంగులో చుట్టి పొయ్యి దగ్గర కూర్చుంది, అంతే. మొద్దు అన్న మాట ఎక్కడా లేదు. ఇన్నేళ్లూ పాపం ఎవరినో తిట్టుకుంది.

ఆ సాయంత్రం పుస్తకం కొడుకు అందుకున్నాడు. కోడలు ఆఫీసు నుంచి వచ్చిన చీరతోనే గిన్నెల ముందు నిలబడి ఉంది. కొడుకు గొంతు అచ్చం తండ్రిదే. “ఆ పెళ్లాం ఒట్టి మొద్దు...” మనవలు నవ్వారు. వంటింట్లో కుళాయి చప్పుడు పెరిగింది.

ఆమె లేచి వెళ్లి కొడుకు పక్కన నిలబడింది.

“ఆ మాట ఎక్కడుందిరా? వేలు పెట్టి చూపించు.”

“అబ్బా, సరదాకమ్మా! నాన్న ఎప్పుడూ అలాగే చదివేవాడు కదా.”

“అందులో లేదని నీకు తెలుసా?”

“తెలీకేం? చదవడం వచ్చినప్పటి నుంచీ తెలుసు,” అన్నాడు వాడు నవ్వుతూ.

ఆయన అబద్ధం ఆమెను అంతగా కోయలేదు. వాడు చిన్నప్పుడు, తండ్రి ఒళ్లో కూర్చుని, పేజీ మీద కళ్లు పెట్టి నవ్విన నవ్వు కోసింది. తను పాలిచ్చి పెంచిన నవ్వు అది. ఆమె పుస్తకం లాక్కుంది.

“అమ్మాయ్, ఆ గిన్నెలు అక్కడే పడేసి రా. కథ చదువుతున్నాను.”

కోడలు తడి చేతులతోనే వచ్చి కూర్చుంది. ఆమె కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది.

“నువ్విలా చదివితే తెల్లారుతుందమ్మా,” అన్నాడు కొడుకు. “మరి ఆ గిన్నెల సంగతి ఎవరు చూస్తారు?”

“నువ్వు లే మరి,” అంది ఆమె, పేజీ మీంచి కన్నెత్తకుండా.

ఆమెకు అరవై నాలుగేళ్లు. ఇప్పటికీ కొడుకింట్లోనే, వంటింటి పక్క గదిలో ఉంటోంది. పుస్తకం ఆమె తలగడ కింద ఉంటోంది.